పాట తర్వాత ఒక నిమిషం

అధ్యక్షుడుగారి ఇంట్లో తీగలకి కూడా పీటలున్నాయి.

ఆంప్లిఫయరు నుంచి స్పీకర్ల దాకా బొటనవేలంత లావున పాకే కేబుళ్ళు నేలకి తగలకుండా, మూరకొకటి చొప్పున చిట్టి చెక్క పీటలు చేయించాడాయన. తీగ నేలని తాకితే పాటలో మట్టి చేరుతుందట. మిషను బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ మాత్రం గంట నుంచి ఉత్త నేలమీదే కూర్చుని ఉంది. ఆమెకొక పీట వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"అయిందా అమ్మా?" అని ఆరోసారి అడిగాడు అధ్యక్షుడు. ఆయన శుద్ధ శ్రవణ సంఘానికి అధ్యక్షుడు. సంఘంలో మొత్తం పదకొండు మంది. నెలకోసారి ఈ గదిలో చేరి, పాత టేపు మిషన్ల మీద పాటలు విని, కంప్యూటరులో పాటలు వినేవాళ్ళని చూసి జాలిపడడం వాళ్ళ కార్యక్రమం.

"రబ్బరు రోలరు గట్టిపడిపోయింది సార్. అందుకే పాట వణుకుతోంది. ఇవాళ్టికి తుడిచి సర్దుతాను, తర్వాత మార్చాలి."

"జాగ్రత్త. దానిమీదున్న రీలు ఎలాంటిదో తెలుసా? గాయని ఆఖరి పాట. ప్రపంచంలో ఇదొక్కటే. నా కళ్ళముందు తప్ప నువ్వు దాన్ని తాకకూడదు." ఆయన వంగి, గుమ్మం పక్కన పేర్చిన కట్టల్లోంచి ఒక పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పడేశాడు. "ఖాళీ దొరికితే చదువుకో. పన్నెండుకి ఆవిష్కరణ. ఈ టేపుని ఇరవై ఏళ్ళు వెంటాడి ఎలా పట్టుకున్నానో మొత్తం రాశాను. నలభై ఒకటో పేజీ చూడు, డిటెక్టివ్ నవల కూడా పనికిరాదు!"

ఆమె నలభై ఒకటో పేజీ చూసింది.

అధ్యక్షుడి తండ్రికి చెందిన స్టూడియోలో ఆ టేపుని దొంగిలించి, పరదేశానికి అమ్ముకున్న సౌండ్ ఇంజనీరు గురించి రెండు పేజీలు రాశాడు. పేరు, ఇంటిపేరు సహా. కింద ఫొటో కూడా వేశాడు. గుబురు జుట్టు, చెవి వెనక పెన్సిలు, మొహమాటపు నవ్వు.

అది ఆమె అన్నయ్య ఫొటో.

పెళ్ళయ్యాక ఆమె ఇంటిపేరు మారింది. అధ్యక్షుడికి ఆమె పేరు అడిగే అవసరం ఎన్నడూ రాలేదు. అందుకే సంగతి తెలీదు.

టేపు పోయి ఇరవై ఏడేళ్ళయింది. కేసు పెట్టలేదు, జైలుకి పంపలేదు. "దొంగ" అన్నారంతే. ఆ ఒక్క మాటతో ఊళ్ళో ఏ స్టూడియో తలుపూ అన్నయ్యకి తెరుచుకోలేదు. ఇప్పుడు రిజిస్ట్రారాఫీసు మెట్లకింద జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు. ఇంట్లో రేడియో కూడా మోగనివ్వడు. ఇన్నాళ్ళూ ఆ మాట నోటిమాట. ఇంకో గంటన్నరలో అచ్చుమాట అవుతుంది.

"ఎలా ఉంది?" అన్నాడు అధ్యక్షుడు.

"బాగా రాశారు సార్. నిజంగా చూసినట్టే రాశారు."

ఆయన మురిసిపోయాడు.

ఆమె మళ్ళీ మిషనుకేసి తిరిగింది. అప్పుడే రీలుని పక్కనుంచి చూసింది. గోధుమరంగు టేపు, చుట్టమీద చుట్ట. నడుమ ఇరుసు దగ్గర సన్నటి తెల్ల గీత. పాట అయిపోయిన చోట అతికే తెల్ల నాడా అది. మామూలుగా దాని తర్వాత ఇంకేమీ ఉండదు. కానీ ఈ రీల్లో తెల్ల గీతకి లోపల, గోరంత మందాన, ఇంకా గోధుమరంగు టేపు ఉంది.

ఆమె లేచి నిలబడింది.

"స్పిరిట్ సీసా స్కూటర్లో మర్చిపోయాను సార్, ఇప్పుడే వస్తా."

బయటికొచ్చి, గేటు చాటున నిలబడి ఫోను చేసింది.

"అన్నయ్యా, ఒక్కటే అడుగుతాను. రీలు చివర నువ్వు మాట్లాడేవాడివి కదా. ఆ రోజు కూడా మాట్లాడావా?"

అవతల జిరాక్స్ మిషను చప్పుడు ఆగింది.

"ఇప్పుడెందుకే అదంతా?"

"చెప్పు."

"ప్రతి రీలుకీ మాట్లాడేవాణ్ణి. తెల్ల నాడా అతికి, ఒక నిమిషం ఖాళీ వదిలి, తేదీ, టైము, ఎవరి చేతికిచ్చానో చెప్పేవాణ్ణి. ఆ రోజూ చెప్పాను. ఓనరుగారబ్బాయి పక్కగదిలో ఫోన్లో ఉన్నప్పుడు చెప్పాను. వాళ్ళ నాన్నకీ మొత్తుకున్నాను. టేపే లేకపోతే ఏం వింటారు?"

"టేపు నా ఎదురుగా ఉంది."

అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత, "వదిలెయ్యవే. పెద్దవాళ్ళతో మనకెందుకు? ఈపాటికి చెరిపేసే ఉంటాడు" అన్నాడు.

"చెరపాలంటే ముందు వినాలిగా! వీళ్ళకి పాట అయిపోగానే చప్పట్లు కొట్టడం తప్ప ఏం తెలుసు? ఫోను పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు."

ఆమె ఫోను చొక్కా జేబులో వేసుకుని లోపలికి నడిచింది.

ఒకటే చిక్కు. తెల్ల నాడాకి ముందు వెండి రేకు ముక్కొకటి అతికి ఉంది. రేకు వచ్చి రెండు పుల్లల మధ్య తగలగానే మిషను దానంతటదే ఆగిపోతుంది. ఇరవై ఏడేళ్ళుగా అక్కడే ఆగుతోంది. అధ్యక్షుడేమో గద్దలా పక్కనే నిలబడ్డాడు.

గద్దకి ఎలుకని చూపించాలి.

"సార్, తెలీక అడుగుతున్నాను. పెద్ద పెద్ద స్టూడియోల్లో పాట అయ్యాక టేపు ఆపరట కదా?"

"ఏం?"

"ఖాళీ టేపు వింటారట. కంప్యూటరులో నిశ్శబ్దం చచ్చిన నిశ్శబ్దం, టేపులోది ఊపిరున్న నిశ్శబ్దం అంటారు. అది పట్టుకోగల చెవి లక్షకొకరికి ఉంటుందట. మాలాంటివాళ్ళకి ఎలాగూ అందదనుకోండి."

అధ్యక్షుడు ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. మరుక్షణం గడ్డం పైకెత్తాడు.

"అట ఏమిటి! నేను రోజూ వినేదే అది. పాటదేముంది, ఎవడైనా వింటాడు."

"మరి ఈ మిషను మధ్యలో ఆగిపోతుందే?"

"అదే... అదే చెబుదామనుకుంటున్నా. ఆగకుండా చెయ్యి!"

ఆమె వెనక మూత తీసి, ఆగే పుల్లల తీగ ఊడదీసింది. కాస్త ఆలోచించింది. పక్కనే ఉన్న ఇంకో తీగ కూడా ఊడదీసి మూత బిగించింది.

పదకొండుకి సంఘం దిగింది. ముందు పళ్ళ డాక్టరు. ఆయన గదిలో అడుగుపెట్టి, ఇంకా ఏమీ మోగకముందే "ఆహా" అన్నాడు. వెనకాల రిటైరైన జడ్జిగారు, తక్కినవాళ్ళు. గుమ్మం దగ్గర పళ్ళెంలో అందరూ ఫోన్లూ వాచీలూ పెట్టారు. వాచీ టిక్కుటిక్కుమంటే పాట చెడుతుందట. జడ్జిగారి చెవిలో ఉన్న బ్యాటరీ మిషను సంగతి ఎవరూ ఎత్తలేదు. దాని లోపల ఉన్నది పూర్తిగా కంప్యూటరే. మెకానిక్ జేబులో ఫోనుందేమోనని కూడా ఎవరూ అడగలేదు. ఆమెని శ్రోతల్లో ఎవరు లెక్కపెట్టారు గనక?

"నువ్వు ఆ మూల నిలబడు, మళ్ళీ వణికితే చూడొచ్చు" అని, అధ్యక్షుడు సభ వైపు తిరిగాడు. "మిత్రులారా! మనిషి అబద్ధం చెబుతాడు. కంప్యూటరు అబద్ధం చెబుతుంది. టేపు అబద్ధం చెప్పదు. దానిముందు ఏం జరిగితే అదే పట్టుకుంటుంది. అందుకే మనం టేపుకి దాసులం."

చప్పట్లు.

పాట మొదలైంది. నిజానికి గొప్ప పాటే. గాయని గొంతు గది నడుమ నిలబడి, ఊపిరి తీసుకుని, పల్లవి అందుకుంది. మూలన నిలబడ్డ మెకానిక్ చెవులు రిక్కించి వింది. అన్నయ్య మైకు ఎక్కడ పెట్టాడో, ఆవిడ తల తిప్పినప్పుడు ఎలా సర్దుకున్నాడో, అంతా వినబడుతోంది. సంఘానికి మాత్రం వేరే పనులున్నాయి.

"ఆ తంబురాలో చెక్క వినబడుతోంది చూశారా?" అని గుసగుసలాడాడు పళ్ళ డాక్టరు.

"చెక్కేమిటి, చెట్టే వినబడుతోంది" అన్నాడింకొకాయన. అక్కడ తంబురా లేదు. అది హార్మోనియం.

ఈ పాట లోకమంతా వినాల్సింది. ఇరవై ఏడేళ్ళుగా ఒక్క బీరువా విన్నది. వీళ్ళకి కావలసింది పాట వినడం కాదు, ఇంకొకడు వినకపోవడం.

పాట అయిపోయింది. చేతులు చప్పట్లకి లేచాయి.

"ఆగండి!" అధ్యక్షుడు చెయ్యెత్తాడు. "అసలు సంగీతం ఇప్పుడు మొదలవుతుంది. మామూలు చెవికి ఇది ఖాళీ టేపు. తెలిసిన చెవికి ఊపిరున్న నిశ్శబ్దం. కళ్ళు మూసుకోండి."

పదకొండు మంది కళ్ళు మూసుకున్నారు. వెండి రేకు దాటింది. మిషను ఆగలేదు. తెల్ల నాడా దాటింది. స్పీకర్లు సన్నగా 'స్స్స్' అంటున్నాయి.

"అబ్బ!" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఏం లోతండీ!"

"వెచ్చగా ఉంది" అన్నాడొకాయన.

"నాకు కొంచెం నీలంగా అనిపిస్తోంది" అన్నాడు ఇంకొకాయన.

మెకానిక్ మనసులో అంకెలు లెక్కపెడుతోంది. నలభై. యాభై. అరవై. ఏమీ లేదు. అరవై ఐదు. చెరిపేశాడా? డెబ్భై.

టప్. మైకు మీటిన చప్పుడు.

"ఆఖరి పాట, రెండో టేకు" అంది ఒక మగ గొంతు. కుర్రగొంతు. "ఇదే అసలు, నకలు లేదు. ఓనరుగారబ్బాయి ఇంటికి పట్టుకెళ్తానంటున్నారు. నాన్నగారికి చెప్పకుండా వద్దండీ అన్నాను, వినడంలేదు. ఆయన చేతికే ఇస్తున్నాను. టైము పదకొండు ఇరవై..."

తలుపు కిర్రుమంది. ఇంకో గొంతు, దూరం నుంచి, చిరాగ్గా:

"ఏంటయ్యా ఇంకా నీ నస! ఇవ్వు ఇటు! ఎవరైనా అడిగితే నీకు తెలీదని చెప్పు, అర్థమైందా?"

టప్.

గదిలో నిశ్శబ్దం. ఈసారి దాని రంగు ఎవరూ చెప్పలేదు.

"ఆ రెండోది మీ గొంతేనండీ" అన్నాడు జడ్జిగారు, కళ్ళు తెరవకుండానే.

"ఛ ఛ! ఎవడో... టేపుమీద ఏదైనా అతికించొచ్చండీ, మీకు తెలీదు!"

"ఇందాకేగా అబద్ధం చెప్పదన్నారు? సరే, మళ్ళీ వెయ్యండి, ఇంకోసారి వింటాను."

అధ్యక్షుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ మనిషి తేరుకున్నాడు. "తప్పకుండా! మీకే తెలుస్తుంది" అంటూ మిషను దగ్గరికి తనే వెళ్ళాడు. రీలు వెనక్కి తిప్పాడు. సభకి వీపు పెట్టి, ఒక వేలితో ప్లే మీటా, ఇంకో వేలితో పక్కనున్న ఎర్ర మీటా కలిపి నొక్కాడు.

ఎర్ర మీట రికార్డింగు మీట. దాన్ని నొక్కితే ఉన్నది చెరిగిపోతుంది. ఆయనకి ఈ మిషనులో కచ్చితంగా తెలిసిన సంగతి అదొక్కటే.

మెకానిక్ కదల్లేదు.

ఎర్ర దీపం వెలిగింది. రీళ్ళు తిరిగాయి. "ఆఖరి పాట, రెండో టేకు" అంది కుర్రగొంతు, చెక్కుచెదరకుండా.

అధ్యక్షుడు ఇంకా గట్టిగా నొక్కాడు. గొంతు ఇంకా చెబుతూనే ఉంది.

"ఎర్ర దీపం ఎందుకు వెలిగింది?" పళ్ళ డాక్టరు కళ్ళు తెరిచి, అమాయకంగా అడిగాడు. "మా ఇంట్లో దానికి రికార్డింగు పెడితేనే వెలుగుతుందే?"

పదిమందీ ఆ దీపాన్ని చూశారు. తర్వాత దాని పక్కనున్న వేలిని చూశారు.

"చెరిపే తీగ పొద్దునే ఊడదీశాను సార్" అంది మెకానిక్ మూలనుంచి. "అరుదైన టేపు కదా. పొరపాటున ఎవరి చెయ్యైనా తగులుతుందేమోనని."

"ఎవత్తివే నువ్వు?" అన్నాడు అధ్యక్షుడు. నాలుగేళ్ళుగా ఇంటికొస్తున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న, అప్పటికి అడిగాడు.

"నలభై ఒకటో పేజీలో ఫొటో వేశారుగా సార్. ఆయన చెల్లెల్ని."

జడ్జిగారు లేచి, ఒక పుస్తకం తీసి, ఆ పేజీ నిలబడే చదివారు. మూసి కట్టమీద పడేశారు. "వీటిలో ఒక్కటి ఈ గుమ్మం దాటినా పరువునష్టం కేసు. ఆ అబ్బాయి తరపున నేనే రాసిస్తాను. టేపు ఇప్పుడే సీలు వేస్తాం. సాక్షులు పదిమంది ఉన్నారు. అమ్మా, రీలు తియ్యి."

ఆమె రీలు తీసింది. ఈసారి ఎవరి కళ్ళముందు తాకాలో ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడు కుర్చీలో కూలబడ్డాడు. కాలు తగిలి రెండు చెక్క పీటలు దొర్లాయి. కేబులు నేలమీద పడింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి" అని పళ్ళ డాక్టరు పక్కాయన చెవిలో అన్నాడు. "ఆ 'ఇవ్వు ఇటు' అన్నప్పుడు గొంతులో గరుకు చూశారా? టేపంటే అదీ!"

మెకానిక్ వరండాలోకి వచ్చి జేబులోంచి ఫోను తీసింది. కీచుమనే స్పీకరు, పగిలిన అద్దం. లైను ఇంకా ఉంది.

"అన్నయ్యా. విన్నావా?"

"ఊఁ."

"మొత్తం?"

"రెండుసార్లూ." కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "వేగం రవ్వంత తక్కువగా ఉందే. నా గొంతు అంత బొంగురుగా ఉండేది కాదు."

"రబ్బరు రోలరు గట్టిపడిపోయింది. ఎంత తుడిచినా అంతే."

"తుడిస్తే ఎలా కుదురుతుంది? మార్చాలి. ఆవిడ పాటకి కూడా వేగం తగ్గే ఉంటుంది, ఛీ." అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడు, షట్టరు కిందకి లాగుతున్న చప్పుడు. "నా పాత డబ్బాలో ఒక రోలరుండాలి. అట్టే పెట్టాను. నువ్వక్కడే ఉండు, పట్టుకొస్తున్నా."