పరువు బకెట్టు

మా పక్క షెడ్డాయనకి నేను పెట్టిన పేరు దుర్భిణి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కాలవ గట్టున నిలబడి, మా గొట్టంలోంచి ఏ రంగు నీళ్ళు పడుతున్నాయో చూసేవాడు. ఆకుపచ్చ పడితే మాకు తువ్వాళ్ళ ఆర్డరు వచ్చిందని, నీలం పడితే యూనిఫాం నూలు వచ్చిందని ఆయనకి ఇట్టే తెలిసిపోయేది. ఈ రోగం ఆయనొక్కడిదే కాదులెండి. నూలుకి రంగు వేసే షెడ్లు మా వీధిలో మూడున్నాయి, మూడింటివాళ్ళమూ ఒకరి కాలవ ఒకరం చూసుకునే బతికాం. కాకపోతే ఆయన ఒకసారి మా ఆకుపచ్చ చూసి, సరాసరి మా వ్యాపారి దగ్గరికే వెళ్ళి మాకంటే తక్కువ ధర చెప్పొచ్చాడు. ఇక ఆయనకీ మాకూ మాటల్లేవు.

షెడ్డు పెట్టింది మా మామయ్యగారు. ఇప్పుడు నడిపేది నేను. తొట్లు ఖాళీగా ఉన్న రోజున ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కాలవలో ఉత్త నీళ్ళు పోతే పని లేదని నలుగురూ అనుకోరూ? అందుకని మిగిలిపోయిన ఎర్రరంగు పొడి బకెట్లో కలిపి, గుట్టుచప్పుడు కాకుండా కాలవలో పోసొచ్చేవారు. ఇంట్లో మేం దాన్ని పరువు బకెట్టు అనేవాళ్ళం.

"పని లేకపోతే లేకపోయింది అమ్మాయ్, లేదని తెలియకూడదు," అనేవారు.

విచిత్రమేమిటంటే, ఎరుపు పోసిన మర్నాడో ఆ తర్వాతో ఏదో ఒక చిన్న ఆర్డరు గుమ్మంలోకి వచ్చేది. ఎరుపు మనకి అచ్చొచ్చిందంటూ ఆయన మురిసిపోయేవారు.

అలాంటి వీధి మీద ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. కాలవలో రంగు చుక్క కనపడితే షెడ్డుకి తాళమే. నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు కట్టడం మాలాంటివాళ్ళకి ఒక్కరి వల్ల అయ్యే పనా? బ్యాంకు మేనేజరు మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు. ముగ్గురూ కలిసి ఒకే ప్లాంటు పెట్టుకుంటే తక్కువ వడ్డీకి అప్పిస్తాడట, విడివిడిగా వస్తే టీ ఇచ్చి పంపిస్తాడట. శుభ్రపడిన నీళ్ళలో చాలావరకు మళ్ళీ మా తొట్లకే వస్తాయని, నీళ్ళ ట్యాంకర్లకి పోసే డబ్బుతోనే వాయిదాలు తీరిపోతాయని కూడా చెప్పాడు. మాట బానే ఉంది. కానీ దుర్భిణి పక్కన కూర్చుని సంతకం పెట్టడమంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళు కొరుక్కుంటూ పెట్టాను. షెడ్డు మూతపడితే మా పొయ్యే కాదు, మా దగ్గర పనిచేసేవాళ్ళ పొయ్యిలూ ఆరిపోతాయి.

చచ్చీ చెడీ ప్లాంటు కట్టాం. తనిఖీ రోజు రానే వచ్చింది. మూడు షెడ్లలోనూ పని జరుగుతుండగా బయటికొచ్చే నీళ్ళు తేటగా ఉంటేనే లైసెన్సు. లేదంటే ఆ సాయంత్రమే తాళాలు.

మా తొట్లో ఆకుపచ్చ ఉడుకుతోంది. తనిఖీకొచ్చిన మేడమ్ కాలవ గట్టున నిలబడ్డారు. ఆవిడకి అటు దుర్భిణి, ఇటు నేను. ప్లాంటు గొట్టంలోంచి నీళ్ళు పడ్డాయి. ఓరి దేవుడో, అడుగున ఇసుక కనిపిస్తోంది! ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ కాలవ అడుగు నేను చూడలేదు.

మేడమ్ సీసా తీసుకుని వంగారో లేదో, కాలవంతా ఎర్రబడింది.

అయిపోయింది, కొంప మునిగిందనుకున్నాను. తలెత్తి చూస్తే ఎగువన మా షెడ్డు వెనక గుమ్మంలో మామయ్యగారు. చేతిలో ఖాళీ బకెట్టు, మోచేతుల దాకా ఎరుపు.

"చూశారా మేడమ్, మా షెడ్డు భేషుగ్గా నడుస్తోంది!" అని అక్కణ్ణుంచే కేకేశారు.

"ఏంటిది? ఎవరిదీ రంగు?" మేడమ్ గొంతు మారిపోయింది.

దుర్భిణి గొంతు సవరించుకున్నాడు. అసలే ఎప్పుడు దొరుకుతామా అని చూసే మనిషి, ఇవాళ మమ్మల్ని ముంచేస్తాడనుకున్నాను.

"అది తొట్లోది కాదు మేడమ్, బకెట్లోది. నీళ్ళు తేటగా పోతుంటే షెడ్డు మూసేశారనుకుంటారని పెద్దాయన భయం. అలవాటు కొద్దీ పోసేశారు. వీళ్ళ తొట్లో ఉన్నది ఆకుపచ్చ, కావాలంటే లోపలికెళ్ళి చూడండి. ఆ తొట్టి మీ ఎదురుగానే ప్లాంటులోకి వదిలిస్తాం. గొట్టం దగ్గరే నీళ్ళు పట్టండి."

మేడమ్ లోపలికెళ్ళి చూసొచ్చారు. ఎరుపంతా కొట్టుకుపోయేదాకా ఆగారు. ఆకుపచ్చ తొట్టి వదిలించి, అది ప్లాంటంతా తిరిగొచ్చేవరకు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నారు. చివరికి గొట్టం కింద సీసా పెట్టారు. ఎండకెత్తి చూశారు.

"బాగుంది," అన్నారు. "లైసెన్సు ఇస్తున్నాను. ఆ బకెట్టు మాత్రం నేను పట్టుకెళ్తున్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మామయ్యగారు బకెట్టు పోయినందుకు కాసేపు అలిగి, తర్వాత వెళ్ళి కాలవలో ఇసుకని వింతగా చూస్తూ కూర్చున్నారు.

అందరూ వెళ్ళాక దుర్భిణిని అడిగాను. "బకెట్టు సంగతి మీకెలా తెలుసు?"

"కాలవలో ఎరుపు పోతుంటే, మీ దండెం మీద ఎర్రనూలు ఒక్క కట్టైనా ఆరాలి కదమ్మా? ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఎరుపు పడిందంటే మీకు పని లేదన్నమాటే."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"ఎందుకు చెప్పడం? ఆ రోజు నా దగ్గరికొచ్చిన చిన్న బేరం ఏదైనా ఉంటే మీ గుమ్మానికి పంపేవాణ్ణి. మీ ఆకుపచ్చ ఒకసారి లాక్కున్నాను కదా, అది మనసులో ఉండిపోయింది."

ఎరుపు అచ్చిరావడమంటే ఇదన్నమాట. ఇన్నేళ్ళూ ఈ మనిషిని నేను తిట్టని తిట్టు లేదు.

ఆయన తేట నీళ్ళకేసి చూశాడు. "ఇక కాలవ చూస్తే నాకేం తెలీదు. పని లేకపోతే నోరు తెరిచి చెప్పమ్మా."

మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనని మాట అది. అయినా అనేశాను.

"ఈ ఆకుపచ్చతో సరి. రేపట్నుంచి తొట్లు ఖాళీయే, అన్నయ్యా."

"నా దగ్గర యూనిఫాం నూలు మోయలేనంత పడింది," అన్నాడాయన. "పొద్దున్నే సగం పంపిస్తాను. తొట్లు కడిగి ఉంచు."