నొప్పి చూపిన గోడ

పొద్దున్నే దెసాంక నిన్నటి రొట్టెను తుంచి వేడిపాలలో వేసి, అది నానేదాకా గిన్నె ముందు కూర్చునేది. నానాక చెంచాతో మెదిపి, నాలుకకీ అంగిటికీ మధ్య నొక్కి మింగేది. చిన్నప్పుడు సెర్బియాలో జ్వరమొస్తే వాళ్ళమ్మ పెట్టిన తిండి అది. యాభై దాటాక మళ్ళీ ఆ గిన్నె దగ్గరికే రావలసి వచ్చింది, పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పాపానికి.

ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీలో చాలామంది ఇళ్ళలాగే వాళ్ళ ఇల్లూ కొండలోకి తవ్వుకున్నదే. బయట ఎండకు ఇనుము ముట్టుకోలేకపోయినా లోపల చల్లగా ఉండేది. ఆ ఊళ్ళో ఇంకో గది కావాలంటే గోడ తవ్వుకుంటారు. గది అక్కర్లేకపోయినా తవ్వుకునేవాళ్ళున్నారు, గోడలో రంగులు మెరిసే ఓపల్ రాయి తగలకపోతుందా అని. పక్కింటి గ్రీకావిడ కల్యోపి ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. గదులు మాత్రం సత్రానికున్నన్ని. ఏ గదిలోనూ గోరంత రాయి దొరకలేదు కనక అన్నిట్లోనూ ఉల్లిపాయలు ఆరబోసుకునేది.

దెసాంక బడి క్యాంటీన్లో పనిచేసేది. ఆమె పై పళ్ళు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి, సంతలో జనం తోసుకున్నట్టు. అందుకని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్ళి ఫొటోలో అయితే అసలు నవ్వనే లేదు. చూసినవాళ్ళు బలవంతపు పెళ్ళేమో అనుకునేవారు. క్యాంటీన్ కిటికీ దగ్గర ఏళ్ళ తరబడి చూసింది, వంకర పళ్ళ పిల్లలు తీగలు కట్టించుకోవడం, కొన్నాళ్ళకు చక్కటి పలువరసతో బిస్కెట్లు అడగడం. ఒకరోజు ఆమెకూ అనిపించింది, చచ్చేలోగా ఒక్కసారి చెయ్యి కిందికి దించి నవ్వాలని.

“పాత మట్టిదిబ్బకు కొత్త కంచె ఎందుకే?” అన్నాడు మొగుడు మిలుటిన్.

ఆ మాటకు ఆమె కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. నవ్వి, బస్సెక్కి పోర్ట్ అగస్టా పట్నం వెళ్ళి క్లిప్పులు వేయించుకుంది.

క్లిప్పుల నొప్పి సంగతి పడ్డవాళ్ళకే తెలుస్తుంది. తీగ బిగించిన రోజు ఏమీ ఉండదు. మర్నాడు లేచేసరికి నోట్లో పళ్ళన్నీ ఎవరో వదులు చేసి పెట్టినట్టుంటాయి. పై పన్ను కింది పన్నుకు తగిలితే చాలు, నడినెత్తి దాకా పాకుతుంది. తీగ కొస బుగ్గను గీరి పుండు చేస్తుంది, దానిమీద మైనం ముద్ద అద్దుకోవాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. నాలుగోనాటికి తగ్గుతుంది. తగ్గి, అలవాటై, కాస్త అన్నం సయించేసరికి డాక్టరమ్మ మళ్ళీ రమ్మంటుంది బిగించడానికి. మిలుటిన్ తనకు తెలిసిన మందు చెప్పాడు, ప్లమ్ పళ్ళ సారా పుక్కిట పట్టమని. పట్టింది. పుండుమీద నిప్పు పోసినట్టయి ఉమ్మేసింది.

“సరే, నీ వంతు కూడా నేనే భరిస్తాలే,” అని మిగిలింది అతను తాగాడు.

రెండోసారి తీగ బిగించిన మర్నాడు ఆమె మొగుడికి భోజనం పట్టుకుని గనికి వెళ్ళింది. గని అంటే పెద్ద కంపెనీ వ్యవహారం కాదు. మిలుటిన్, అతని నేస్తం రాదోయె కలిసి తవ్వుకునే గొయ్యి, దాని అడుగున నాలుగు సొరంగాలు. రాదోయె ఉత్త నేస్తం కాదు, వాళ్ళ పెళ్ళిలో వధూవరుల తలలమీద పెట్టే కిరీటాల వెనక నిలబడి సాక్షిగా ఉన్నవాడు. అటువంటివాణ్ణి సెర్బులు కూమ్ అంటారు, అతను ఆ ఇల్లాలిని కూమా అని పిలుస్తాడు. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోయినా ఫరవాలేదుగాని, కూమ్‌తో చెడకూడదు.

ఆమె నిచ్చెన దిగి సొరంగంలోకి నడిచింది. అప్పటిదాకా నోరంతా పరుచుకున్న నొప్పి నడుస్తున్న కొద్దీ ఒక్కచోటికి చేరి, ఒకే పంటిలో గుచ్చుకుంది. క్యారేజీ కింద పెట్టేసి గోడకు ఆనుకుని మూలిగింది.

“ఏ పన్ను కూమా?” అన్నాడు రాదోయె, టోపీ లైటు ఆమె మొహమ్మీదికి తిప్పి.

“ఎడమది. కిందది.”

రాదోయె గడ్డపార తీసుకుని గోడకు ఎడమవైపు, కిందగా నాలుగు దెబ్బలు వేశాడు. పెళ్ళ ఊడింది. లోపల ఎరుపూ ఆకుపచ్చా కలిసిన మంట ఒకటి మెరిసింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్ళో వంచిన ఇనప తీగలు రెండు చేతుల్లో పట్టుకుని రాయి జాడ కోసం ఎండలో తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తీగలు ఎక్కడ ఒకదానికొకటి అడ్డం పడితే అక్కడ గొయ్యి మొదలుపెడతారు. చేతిలో తీగకు తెలిసేది నోట్లో తీగకు తెలియదా? రాదోయె శిలువ గుర్తు వేసుకుని, “పై పన్నయితే పైన తవ్వాలన్నమాట,” అని మాత్రం అన్నాడు. క్యారేజీ విప్పుకుని ఇద్దరూ అన్నాలు తిన్నారు. ఆమె పన్ను ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

తర్వాత అడగనివాళ్ళు లేరు.

కొట్లో అడిగేవాళ్ళు, కొండలోపలి చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తుంటే అడిగేవాళ్ళు. “నొప్పి ఎలా ఉందమ్మా?” అని.

“ఇవాళ కాస్త నయం.”

“అయ్యో, అలాగా,” అనేవాళ్ళు మొహం వేలాడేసి. మరుక్షణం సర్దుకుని, “పోనీలే, దేవుడి దయ,” అనేవాళ్ళు.

కల్యోపి నిమ్మకాయ పిండిన కోడి చారు తెచ్చి, మా ఆయన గోతిలోకి కూడా ఒక్కసారి దిగిపోరాదా అంది.

“బుగ్గంతా పుండే కల్యోపీ. నిమ్మరసం ఎలా తాగను?”

“అందుకేగా రెండు కాయలు ఎక్కువ పిండాను!”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో దెసాంకకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చారు వల్లనే అనుకుంది కల్యోపి.

తీగ బిగించినప్పుడల్లా ఇంట్లో నొప్పి బిళ్ళలు కనబడకుండా పోయేవి.

“ఎక్కడ పెట్టావు?” అంది ఒక పొద్దున, దవడ పట్టుకుని అలమరలన్నీ వెతికి.

“గనిలోంచి పైకి వచ్చేదాకా ఓర్చుకో దెసా,” అన్నాడు మిలుటిన్. “బిళ్ళ వేసుకుంటే మొద్దుబారిపోతుంది. సాయంత్రం రెండు వేసుకుందువుగాని.”

“మొద్దుబారేది పన్నేగా, నువ్వు కాదుగా.”

“పన్నుతోనే కదా మన పని.”

మిలుటిన్ చెడ్డవాడని కాదు. చెయ్యెత్తి కొట్టినవాడు కాదు. ఏళ్ళ తరబడి భూమి లోపల ఉత్త తెల్ల మట్టి తవ్విన మనిషి. అలాంటివాడికి ఒక్కసారి రంగు కనపడితే పక్కనున్న మనిషి కనపడదు. నిచ్చెన మీద ఆమె ముందు దిగేది, వెనక వాళ్ళిద్దరూ. ఆమె మూలిగినచోట సుద్దతో గీత గీసేవారు. గట్టిగా అరిస్తే రెండు గీతలు.

ఒకసారి పోర్ట్ అగస్టాకు అతనూ వెంట వెళ్ళాడు. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, పళ్ళు దాదాపు వరసకు వచ్చేశాయనీ, ఇంకొక్కసారి బిగిస్తే చాలనీ, ఆపైన వచ్చినప్పుడు తీసేస్తాననీ చెప్పింది.

“తీసెయ్యకుండా ఇంకో ఏడాది ఉంచుకుంటే?” అన్నాడు మిలుటిన్. “కాస్త గట్టిగా బిగించి?”

“గట్టిగా బిగిస్తే పళ్ళు చేతికొస్తాయండీ,” అని డాక్టరమ్మ దెసాంక వైపు తిరిగింది. “మీకేం కావాలమ్మా?”

ఆ ప్రశ్న ఎవరైనా తనను అడిగి ఎన్నాళ్ళయిందో దెసాంకకు గుర్తులేదు. జవాబు కోసం వెతుక్కుంటూ ఉండగానే, “ఆవిడకి అలవాటైపోయిందిలెండి,” అన్నాడు మిలుటిన్.

డిసెంబరులో వాళ్ళ ఇంటి వేలుపు నికోలా ముని పండగ వచ్చింది. పండగకు పిలవడం వాళ్ళలో ఉండదు, తెలిసినవాళ్ళంతా వస్తారు. గోధుమలు ఉడకబెట్టి పంచదారా అక్రోట్లూ కలిపింది. వచ్చినవాళ్ళంతా తలో చెంచా నోట్లో వేసుకున్నారు. ఆమె నమలలేక, ప్రసాదం వదలకూడదు గనక, మాత్రలాగా మింగింది. రాదోయె గ్లాసెత్తాడు.

“ఈ ఇంటి దీపానికీ, ఈ ఇల్లాలి పంటినొప్పికీ!”

అందరూ గొల్లున నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక మిలుటిన్, ఆవిడ ఇంకో ఏడాది క్లిప్పులు ఉంచుకుంటోందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

“నన్నడిగావా?” అంది ఆమె, అంతా వెళ్ళిపోయి గిన్నెలు తీసేటప్పుడు.

“అడిగేదేముంది?”

“నేను నవ్వాలని వేయించుకున్నాను మిలుటిన్.”

“ఇక్కడ నవ్వడానికేముందే?” అన్నాడు అతను. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు.

తర్వాతి బిగింపు అయిన మర్నాడు ఆమెను మళ్ళీ కిందికి దించారు. మూడో సొరంగం మలుపు దగ్గర, అవతల ఎవరూ తవ్వని నేలవైపు ఉన్న గోడ ముందు, నొప్పి ఎంత తన్నుకొచ్చిందంటే కళ్ళు బైర్లు కమ్మాయి. అంత నొప్పి ఎన్నడూ లేదు. నోరు తెరవబోయి, పెదవి కొరుక్కుని, అడుగు ముందుకేసింది. ఎందుకు చెప్పలేదో ఆమెకూ తెలియదు.

మలుపు దాటాక పాత సొరంగం. ఎప్పుడో ఏమీ దొరక్క వదిలేసింది. దాని చివరికి వెళ్ళేసరికి నొప్పి ఆగిపోయింది. తగ్గడం కాదు, జనరేటరు ఆపేసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె తన నాలుకను తాను కొత్తగా ఎరిగింది. పళ్ళు ఒకదానితో ఒకటి ఆనించి చూసుకుంది. ఏమీ లేదు. అక్కడే పడి నిద్రపోవాలనిపించింది.

“ఏమయింది? ఇక్కడా?” అన్నాడు మిలుటిన్, లైటు మొహమ్మీద వేసి.

దెసాంక రెండు చేతులా చెంపలు పట్టుకుని కూలబడింది. “ఇక్కడే! అమ్మో, ఇక్కడే మిలుటిన్!” అని అరిచింది. సొరంగం మారుమోగింది. ఎన్ని నొప్పులు పడ్డ మనిషి, దొంగ నొప్పి ఒక లెక్కా?

అతను గోడంతా సుద్దతో గీతలు గీశాడు.

మర్నాటి నుంచి డ్రిల్లు అక్కడ మొదలయింది. దారి తప్పకుండా ఉండటానికి ఆమె రోజూ రావాలన్నారు. సంతోషంగా వచ్చింది. బోర్లించిన పెట్టెమీద కూర్చుంటే లోకంలో ఆ ఒక్కచోట ఆమె నోరు ఆమెది. ఒకరోజు వాళ్ళు గోడవైపు తిరిగి తవ్వుతుంటే గుడ్డసంచిలోంచి గట్టి రొట్టె తీసి కొరికింది. కరకరమంటూ నమిలింది. రాదోయె మంచినీళ్ళకని వెనక్కి తిరిగాడు.

“గట్టి రొట్టె నములుతున్నావే కూమా.”

ఆమె దవడ ఆగిపోయింది. అవతల మిలుటిన్ చేతిలో డ్రిల్లు మోత, అతనికేమీ వినబడదు.

“రుచిగా ఉందా?”

“ఉంది,” అంది దెసాంక.

రాదోయె నీళ్ళు తాగి మీసం తుడుచుకున్నాడు. “మొన్న ఆ మలుపు దగ్గర పెదవి కొరుక్కున్నావు, నెత్తురొచ్చేట్టు,” అన్నాడు. ఆమె రొట్టెముక్క సంచిలోకి తోసింది. అతను వెళ్ళి మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

వారం తిరక్కుండా రాదోయె తన నడుం పనికిరాకుండా పోయిందని చెప్పి భాగస్వామ్యం వదులుకున్నాడు. మిలుటిన్‌కు జాలి వేయలేదు. “నడుం నొప్పిట! నొప్పంటే ఏమిటో మా ఆవిణ్ణి అడగమను!” అన్నాడు. నెల తిరిగాక మలుపు అవతలి నేలలో రాదోయె పేరున, తవ్వకం హక్కు తనదని చెప్పే గుర్తు కర్రలు లేచాయి. ఇంకొన్నాళ్ళకు బకెట్ల నిండా రంగు రాళ్ళు పైకి లేచాయి. అతను అడెలైడ్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాడు. మిలుటిన్‌తో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. కూమ్ అన్నవాడు అబద్ధమాడకూడదంటారు, నిజం చెప్పి తీరాలని ఎవరూ అనలేదు.

“వాడి అదృష్టం అంతవరకే,” అన్నాడు మిలుటిన్. “మనది ఇంకా లోపలుంది. నువ్వు అరిచిన అరుపు నాకు తెలుసుగా.”

దెసాంక అదను చూసి అడిగింది. “చోటు తెలిశాక ఇంక ఈ తీగ దేనికి? గొయ్యి మొదలుపెట్టాక చేతిలో తీగలు పట్టుకు తిరిగినవాణ్ణి ఎవణ్ణయినా చూశావా?”

మిలుటిన్ ఆలోచించాడు. ఆ మాట న్యాయంగానే తోచింది. ఆ ఊళ్ళో ఎవరికైనా తోస్తుంది.

క్లిప్పులు తీసేశారు. డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి, “నవ్వండమ్మా,” అంది. అద్దంలో ఆవిడెవరో చాలా అందంగా నవ్వింది. తిరుగు బస్సులో డ్రైవరు కూడా ఆమెను చూసి నవ్వాడు. ఊళ్ళో దిగి, ఇంటికి పోకుండా గోతి దగ్గరికి నడిచి, నిచ్చెన దిగింది. మలుపు దాటింది. మలుపు దగ్గర ఇప్పుడేమీ కాలేదు, ఉత్త గోడ.

మిలుటిన్ నెత్తినుంచి కాళ్ళదాకా తెల్లటి దుమ్ము. డ్రిల్లు ఆపి, లైటు ఆమె మొహమ్మీదికి తిప్పాడు. ఆమె నవ్వింది, వెలుతురు నిండా పడేటట్టు.

“బాగున్నాయి,” అన్నాడు. లైటు అలాగే ఉంచి, “ఇప్పుడు బొత్తిగా ఏమీ లేదా? కొంచెం కూడా?” అన్నాడు.

“లేదు.”

“పోనీలే.” అతను గోడమీద అరచెయ్యి ఆనించాడు, గొడ్డు పొట్ట తడిమినట్టు. “ఎంత లోపలుందంటావు?”

నిజం చెప్పేస్తే అప్పుడే చెప్పాలి. ఆమె అతని చేతిని చూసింది. గోళ్ళు చితికి, కణుపులు వాచి, ఆ చెయ్యీ నొప్పిగానే ఉండి ఉంటుంది. తను మాత్రం ఎప్పుడైనా అడిగిందా?

ఇప్పుడూ అడగలేదు.

“ఇంకాస్త లోపలికి ఉంటుంది,” అంది.

మిలుటిన్ తలూపి గోడవైపు తిరిగాడు. ఇప్పటికీ అక్కడే తవ్వుతున్నాడు. నిచ్చెన దగ్గరినుంచి పిలిస్తే వినబడనంత దూరం పోయింది ఆ సొరంగం. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చెప్పినవాటిలో అతను మారుమాట లేకుండా నమ్మింది ఆ ఒక్కటే.