ఇండెక్సు లేని సంపుటాలు

రాయగడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే విశాలాక్షి, పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో కానుగ నూనె నుంచి సూదుల్లాంటి తెల్లని స్ఫటికాలు తీసింది. సంతలో గింజలు బేరమాడడం దగ్గర్నుంచి స్పిరిట్‌తో కడగడం దాకా అన్నీ తనే. ఇక తేలవలసింది ఒక్కటే: వీటిని ఇదివరకు ఎవరైనా తీశారా?

ఆ సంగతి తెలుసుకోవడానికి కాలేజీలో లోటేమీ లేదు. ప్రపంచంలో అచ్చయిన రసాయన వ్యాసాల సారాంశాలన్నీ లావుపాటి సంపుటాలుగా అద్దాల బీరువాలో కొలువుదీరి ఉన్నాయి. తనిఖీకి వచ్చిన పెద్దలు వాటిని చూసి తలలూపి వెళ్లేవారు. లోపలికంటా వెళ్లినవి చెదపురుగులే. అవీ రెండు సంపుటాలతో విసిగి మానుకున్నాయి.

బీరువా అంతా గాలించి విశాలాక్షి ప్రిన్సిపాల్ వరాహనరసింహం గారి దగ్గరికి వెళ్లింది.

"ఇండెక్సు సంపుటాలు కనబడ్డం లేదండీ."

"కొన్లేదమ్మా. కొనుగోలు కమిటీలో నేనే జాబితాలోంచి కొట్టేయించేను. వాటిలో విషయం ఏవుందీ? ఉత్త పేర్లూ అంకెలూనూ!"

"ఏది ఎక్కడుందో చెప్పేవి అవేనండీ."

"మొదట్నించీ చదువుకుంటూ పోతే అదే తగుల్తుంది. ఈ కాలం వాళ్లకి ఓపిక లేదు."

ఆయన సలహా వింటే రిటైరయ్యేనాటికి మూడో సంపుటంలో ఉండేది. విశాలాక్షి రైలెక్కి, విజయనగరంలో బండి మారి, వాల్తేరు వెళ్లింది. యూనివర్సిటీ లైబ్రరీలో ఇండెక్సు దొరికింది. అది చూపించిన సంపుటం మాత్రం బైండింగుకి వెళ్లిందట. సంపుటం, పేజీ సంఖ్యలు రాసుకుని తిరిగొచ్చి, తమ బీరువాలోని సంపుటం తీసింది. అతుక్కుని ఉన్న కాగితాలను చాకుతో కోసింది.

ఆ స్ఫటికాలను ముప్పై ఏళ్ల కిందటే తీశారు.

ఆ సారాంశం మళ్లీ మొదట్నించీ చదివింది. అందులో స్ఫటికాలు కరిగే ఉష్ణోగ్రత చూసింది. వాళ్ల అంకె, తన అంకె ఒక్కటే. అరువు థర్మామీటరుతో తీసిన అంకె! ఒక్కతే కూర్చుని నవ్వుకుంది.

"అయితే ఏవిటి?" అన్నారు సంగతి విన్న ప్రిన్సిపాల్ గారు. "వాళ్లెక్కడో కనిపెట్టేరు. రాయగడలో నువ్వే మొదలు! వార్షికోత్సవంలో ప్రకటిస్తాను."

"వద్దండీ, తెలిసినవాళ్లు నవ్వుతారు."

"తెలిసినవాళ్లెవరమ్మా ఇక్కడ?"

వార్షికోత్సవంలో ఆయన అన్నంత పనీ చేశారు. చప్పట్లు ఆగాక విశాలాక్షి లేచి మైకు అందుకుంది.

"ఇది కొత్తది కాదు. ఎప్పుడో తెలిసినదే. నేను తప్పు లేకుండా తీయగలిగాను, అంతే."

చప్పట్లు రెట్టింపయ్యాయి. వరాహనరసింహం గారు పక్కకు వంగి మెచ్చుకోలుగా అన్నారు:

"వినయం బ్రహ్మాండంగా ఉందమ్మా. నేనే నమ్మేసేను."