ఇరవై సెకన్ల దారి

నేను ఒక ట్రాఫిక్ సిగ్నల్‌ని. నన్ను మీరు చూడని రోజు లేదు, నా మాట విన్న రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాగని కోపమేమీ లేదు లెండి. చీరాలలో బియ్యపుమిల్లు సెంటర్లో పదకొండేళ్ళు నిలబడ్డాక ఉన్న కాస్త కోపమూ ఎండిపోయింది.

ఎక్కడో రేకుల షెడ్డులో పుట్టాను. నల్లరంగు పూసి, మూడు గుండ్రటి దీపాలు బిగించి, పక్కన అంకెలు వెనక్కి నడిచే పెట్టె తగిలించారు. ఇంకో వైపు నడిచేవాళ్ళ కోసం నిలబడ్డ ఎర్ర మనిషి, నడుస్తున్న పచ్చ మనిషి. నాలుగు మూలలా నలుగురం అన్నదమ్ములం, అందరికీ ఒకే పెట్టె నుంచి కరెంటు. మాకు నేర్పిన చదువు చాలా చిన్నది. ఎరుపు పడితే బండి తెల్లగీతకు ఇవతలే ఆగాలి. పసుపు పడితే ఆగడానికి సిద్ధపడాలి. పచ్చ పడితే దారి చూసుకుని కదలాలి. అన్ని వైపులా ఎరుపు వెలిగినప్పుడు పచ్చ మనిషి వస్తాడు, ఆ ఇరవై సెకన్లు నడిచేవాళ్ళవి.

ఇంత చిన్న చదువునూ సెంటర్ జనం తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. పసుపు కనిపిస్తే బండ్లకు రెక్కలొచ్చేవి. నడిచేవాళ్ళూ తక్కువేం తినలేదు. నా బొమ్మ కోసం ఆగడం నామోషీ అనుకుని, మీదికొచ్చే లారీకి అరచెయ్యి చూపించి, దాన్ని దీవించినట్టుగా దాటేసేవారు. అన్నిటికన్నా వింత ఆచారం నా అంకెల దగ్గర. ఎరుపు ఇంకా ఎంతసేపుందో తెలిస్తే జనం నిమ్మళంగా ఉంటారని వాటిని పెట్టారు. వీళ్ళేమో ఐదు కనపడగానే గేరు వేసి బండి ఎత్తేసేవారు. ఐదంటే ఇంకా ఎరుపేనన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు.

ఒక్క మనిషికి మాత్రం ఆ ఐదుతో పెద్ద చిక్కొచ్చింది. ఆమె పేరు జ్ఞానసుందరి, చీరలకు ఫాల్స్ కుడుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది, చంకకర్ర ఊతంతో నడుస్తుంది. ఇల్లు రోడ్డుకు ఇవతల, కొట్టు అవతల. రోడ్డు దాటడానికి ఆమెకు పద్దెనిమిది సెకన్లు పట్టేది. నేనిచ్చేది ఇరవై, చాలినంతే. కానీ ఐదు దగ్గరే బండ్లు కదిలితే ఆమెకు మిగిలేది పదిహేను. చివరి రెండు తెల్లపట్టీలూ రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటేది.

ఒక పొద్దున నాలుగు అంకె దగ్గర ఆటో ఒకటి ముందుకు దూకి ఆమె కర్రకు తగిలింది. ఆమె పడిపోయింది, సంచిలోని పెళ్ళిచీర చక్రం కింద నలిగింది. దెబ్బ చిన్నదే, బెదురు పెద్దది. మర్నాటి నుంచి ఆమె నా దగ్గరికి రాలేదు. రైలుగేటు మీదుగా మైలున్నర చుట్టు తిరిగి వెళ్తోందని, ఒళ్ళు హూనమై కొట్టు మూసేయాలనుకుంటోందని పక్కకొట్ల వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నాకు చాలా బాధ వేసింది. ఆమె పడ్డప్పుడు నేను ఎర్రగా వెలుగుతూనే ఉన్నాను మరి.

మా సెంటర్ హెడ్ కానిస్టేబుల్ షేక్ బాజీ మెత్తని మనిషి. తనుండగా భయం లేదని నచ్చజెప్పి ఆమెను మళ్ళీ నా కిందికి తీసుకొచ్చాడు. ఆమె రోడ్డు వైపు చూసి అడుగు వేయలేకపోయింది.

"ఇరవై అంకెలు నాకిచ్చారన్నా. అందులో ఐదు వాళ్ళే లాగేసుకుంటన్నారు. నువ్వు ఎంతమందినని ఆపుతావు?" అంది.

బాజీ ఆ వారమంతా ఈల ఊది ఊది దవడలు నొప్పి పుట్టించుకున్నాడు. ఒక వైపు ఆపితే మూడు వైపుల వాళ్ళు ఎత్తేసేవారు.

ఇంతలో వేసవి గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే దీపాలు బాగానే ఉన్నాయి కానీ, బండ్ల వైపు అంకెలు నలుగురికీ చచ్చిపోయాయి. నాకు సిగ్గేసింది. ఎరుపు పడింది. బండ్లవాళ్ళు తలలెత్తి నల్లపెట్టె వైపు చూశారు. ఐదు ఎప్పుడొచ్చిందో తెలియదు, గేరు ఎప్పుడు వేయాలో తెలియదు. గత్యంతరం లేక పచ్చదీపం వచ్చేదాకా ఆగారు. బాజీ కాసేపు చూసి, ఈలను జేబులో వేసుకుని, జ్ఞానసుందరికి కబురు పంపాడు.

మర్నాడు ఆమె వచ్చి, పచ్చ మనిషి వెలగగానే అడుగు వేసింది. అవతలికి చేరి వెనక్కి తిరిగి చూస్తే ఒక్క బండీ కదల్లేదు, పైగా రెండు సెకన్లు మిగిలాయి. ఆమె అక్కడే నిలబడి నవ్వింది. నా ఉద్యోగంలో అంత తృప్తి పడ్డ రోజు ఇంకోటి లేదు.

సిగ్నల్ చెడితే ఆ రోజే రిజిస్టరులో రాయాలి. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో బాజీ ఏ గడీ ఖాళీగా వదల్లేదు. దీన్ని మాత్రం రెండేళ్ళపాటు మరిచిపోయాడు. రిటైరయ్యే ముందు, కొత్త సిగ్నళ్ళ పని మీద వచ్చిన ఇంజనీరు దగ్గర నిజం ఒప్పుకున్నాడు. ఇంజనీరు ముందు నవ్వాడు, తర్వాత టీ బడ్డీ దగ్గర గంటసేపు నిలబడి గమనించాడు. కొత్తవాటికి బండ్ల వైపు అంకెలు పెట్టలేదు.

నన్ను తెచ్చి లైసెన్సు పరీక్షలు పెట్టే మైదానంలో పాతారు. తుక్కుకొట్టు తప్పింది. ఇక్కడ అందరూ నా మాట వింటారు. లైసెన్సు పరీక్ష రోజున మనిషంత బుద్ధిమంతుడు లోకంలో ఉండడు, గేటు దాటాక సంగతి నన్నడక్కండి.

మొన్న వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటర్ మీద జ్ఞానసుందరి వచ్చింది. చంకకర్ర పక్కన కట్టి ఉంది. తోడుగా బాజీ వచ్చాడు, ఏళ్ళ తరబడి నిలబడి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. పరీక్ష కోసం ఎవరైనా తెల్లపట్టీల మీద నడవాలని ఇన్‌స్పెక్టర్ అంటే ఆయనే ముందుకొచ్చాడు. ఎరుపు వేశారు. ఆమె గీతకు ఇవతలే ఆగింది. బాజీ సగం దాటాడో లేదో పచ్చ వేశారు. స్కూటర్ కదల్లేదు.

"గ్రీన్ పడిందిగా, కదలవేమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అన్న ఇంకా దాటలేదండీ" అంది.

ఇక్కడ నాకు అంకెలు లేవు. అయినా అలవాటు పోక లెక్కపెట్టాను. బాజీ అవతలికి చేరడానికి ఇరవై మూడు సెకన్లు పట్టింది. ఆమె ఇరవై మూడూ ఇచ్చింది.