ఒకటో నంబరు బిందె

మా వీధికి నల్లా నీళ్లు పొద్దున ఐదున్నరకు వస్తాయి, ఆరున్నరకు పోతాయి. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నలభై రోజులుగా ఆ గంట నాదే. ఎనిమిది బిందెలు, ఒక డ్రమ్ము. బిందెలన్నిటి మీదా మా మామ మహబూబ్ అలీ పేరు చెక్కి ఉంటుంది. ఆయన ఒక్కటైనా ఎత్తగా నేను చూడలేదు. కాలేజీ గ్రౌండులో హాకీ ప్రాక్టీసు కూడా సరిగ్గా ఆ గంటలోనే. వెళ్లొస్తానని మొదటి వారమే అడిగాను. "నీ ఆట కోసం నీళ్లు ఆగుతయా బేటీ?" అంది అత్త సర్వరీ బేగం. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను బిందె ఎత్తుకున్నాను.

అయినా ఈ ఇల్లు నాకు ఇష్టమే. మా ఆయన రిజ్వాన్ ఖమ్మంలో గిన్నెల బజారులో కూర్చుని స్టీలు సామాన్ల మీద పేర్లు కొడతాడు. ఇంటికొచ్చేసరికి మీసాల మీద స్టీలు పొడి మెరుస్తూ ఉంటుంది. వెంటనే తుడవనివ్వను, కాసేపు చూసుకుంటాను. ఇద్దరం ఒకే గ్లాసులో చాయ్ తాగుతాం, ఆఖరి గుక్క నాకే వదులుతాడు. ఐదేళ్లు కాలేజీ టీముకు నేనే గోల్‌కీపర్‌ని. చివరి ఫైనల్లో ఐదు పెనాల్టీల్లో నాలుగు ఆపాను. ఎడమచేతి చిటికెన వేలు ఆ రోజు నుంచీ వంకరే. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు "ఆ వేలు కనపడకుండ గోరింటాకు పెట్టుండ్రి" అన్నారు. రిజ్వాన్ మాత్రం రోజూ ఆ వేలే పట్టుకుని నిద్రపోతాడు.

కాలేజీవాళ్లు నాకు సన్మానం చేస్తామన్నారు. నా ఒకటో నంబరు జెర్సీ ఇక ఎవరూ వేసుకోరు, ఫ్రేము కట్టి గోడకు పెడతారు. నాకొక పెద్ద బిందె ఇస్తారు. దాని మీద పేరు కొట్టే పని రిజ్వాన్ దగ్గరికే వచ్చింది. మురిసిపోయాడు. "చేయించుకో బేటీ, దాంతోటి ఆట ముచ్చట అయిపోతది" అంది అత్త.

సభకు ముందు, మాకు ఆటలు నేర్పిన పీడీ శారద మేడం నన్ను పక్కకు పిలిచింది. "జమ్లికి గోల్ ఆపుడు నేర్పేటోళ్లు లేరు. పొద్దున గంట రా నజియా. జిల్లా టీముకు నువ్వు కూడ కావాలె." జమ్లి ఫస్టియర్ పిల్ల, భద్రాచలం అడవి వైపు తండా నుంచి వచ్చింది. నంబరు లేని జెర్సీ వేసుకుని నా వేలినే చూస్తోంది. నల్లా సంగతి మేడంకు చెప్పడానికి సిగ్గేసింది. ఆలోచిస్తానన్నాను.

స్టేజీ మీద మేడం బిందెను తిప్పి, మైకులో గట్టిగా చదివింది. "ఎం.డి. రిజ్వాన్, ఖమ్మం."

హాలంతా నవ్వింది. ముందు వరసలో రిజ్వాన్ నాలుక కరుచుకున్నాడు. నేనూ నవ్వాను. తర్వాత ఫ్రేము చేతికిచ్చారు. అద్దంలో నా ముఖం, దాని వెనక జెర్సీ. ఇరవై నాలుగేళ్లకే నన్ను గోడకెక్కిస్తున్నారు. మైకులో అన్నాను. "ఈ జెర్సీ జమ్లికి ఇయ్యండి మేడం. గోడ గోల్ ఆపదు."

ఇంటికొచ్చాక రిజ్వాన్ చెవులు పట్టుకున్నాడు. "తౌబా, చెయ్యి అలవాటు నజియా! ఇన్నేండ్ల సంది బిందె మీద ఇంటాయన పేరే కొడుతున్న. మనిల్లు అనుకునేసరికి చెయ్యి దానంతటదే నా పేరు కొట్టింది. రేపు చెరిపేసి నీ పేరు కొడత."

"చెరుపుడు ఎందుకురా?" అంది అత్త. "బిందె మీద ఎవరి పేరుంటే అది వాళ్లది. మంచిగనే ఉంది."

"అవ్, అమ్మీ చెప్పింది నిజమే. ఉండనీ" అన్నాను.

పొద్దున ఐదింటికే లేచాను. మంచం కింద నుంచి గోల్ ప్యాడ్లు లాగి దుమ్ము దులిపాను. పాత తోలు వాసన. హాయిగా అనిపించింది. కొత్త బిందె తెచ్చి రిజ్వాన్ దిండు పక్కన పెట్టి, భుజం తట్టాను. పక్క గదిలో అత్త దగ్గు వినబడింది. ఆమెకూ వినబడేలాగే చెప్పాను.

"ఏమండీ, లేవుండ్రి. ఐదున్నరకు నల్లా వస్తది. ఈ బిందె మీది, ఆ ఎనిమిది మామయ్యవి. నేను గ్రౌండుకు పోతున్న."