బుచ్చయ్య బావ తూటా

మా బావ బుచ్చయ్యకు తూటా తగిలింది తొడకని ఆయన అనేవాడు, పిర్రకని నేననేవాణ్ణి. మా లీలక్క పెళ్ళి నాటి నుంచీ ఈ తగాదా నడుస్తూనే ఉండేది.

అది రజాకారు తూటా అని కేతేపల్లిలో ఎవరినడిగినా చెప్తారు. నలభై ఎనిమిదిలో నిజాం మీదికి మిలట్రీ దిగిన పోలీస్ యాక్షన్ వారంలో పారిపోతున్న రజాకార్లకు మా బావ ఒక్కడే అడ్డం నిలబడ్డాడట, వాళ్ళు రైఫిలుతో కాల్చి ఉరికారట. ప్రతి ఆగస్టు పదిహేనుకూ బడిలో జెండా ఎగిరాక, బొరుగులూ బెల్లం పంచేలోపు బావ ఈ కథ చెప్పాలి. నేను ఆలేరు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. ఆ రోజు సెలవు గనక అక్కను చూసే వంకతో వెళ్ళి, జనం వెనక నిలబడి, సరిగ్గా తూటా తగిలే ఘట్టానికి అరిచేవాణ్ణి.

"ఎదురు నిలబడితే ఎన్కనెట్ల తగిలింది బావా?"

పిల్లలు పడీపడీ నవ్వేవారు. "మందిని పిలుద్దామని ఎన్కకు మళ్ళిన బామ్మర్దీ" అనేవాడు బావ, వీసమెత్తు సిగ్గు లేకుండా.

ఆ తూటాకు ఇంకో కొలువు కూడా ఉండేది. మృగశిర కార్తె రాగానే రైతులు మా అక్క గుమ్మం ముందు చేరి, "బుచ్చన్నా, తూటా గుంజుతాందా?" అని అడిగేవారు. గుంజుతోందంటే వానొస్తుందని విత్తనాలు బయటికి తీసేవారు. రేడియోలో వాతావరణం చెప్పేవాడి మాట కన్నా మా బావ పిర్ర మాటకే ఊళ్ళో ఇజ్జత్ ఎక్కువ.

నాకైతే అసలు తూటానే లేదని గట్టి నమ్మకం. చెయ్యి విరిగితే దవాఖానకు పోకుండా కట్లు కట్టేవాడి దగ్గరికి పోయాడు, ఎక్స్‌రే తీస్తారని కాకపోతే మరెందుకు? స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు దరఖాస్తు పెట్టమని ఊరంతా పోరితే, "ఎంక్వైరీ వస్తది, సాక్షులను అడుగుతరు, నాకొద్దు" అన్నాడు. ముళ్ళకంచె మీద పడ్డప్పటి మచ్చను వీరుడి గాయంగా చూపిస్తున్నాడని నా లెక్క. సాక్షి ఉన్నది ఒక్కడే, చిన్ననాటి దోస్తు అహ్మద్ అలీ. రోడ్డు మీద సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం ఆయనది. నేనెన్నిసార్లు అడిగినా ట్యూబు మీంచి తల ఎత్తకుండా, "బుచ్చిగాడు చెప్పిందే ఖరారు" అనేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు గనకే ఇదంతా రాస్తున్నాను.

తొంభై మూడు మొదట్లో బావ కాళ్ళు మొద్దుబారడం మొదలైంది. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. ఒకరోజు గుమ్మం దాటబోయి కూలబడ్డాడు, ఇక లేవలేదు. నల్లగొండ డాక్టరు సూదితో గుచ్చి చూసి, వెన్నులో ఏదో నరాన్ని నొక్కుతోందనీ, హైదరాబాదు తీసుకుపోయి ఎమ్మారై స్కానింగు చేయించమనీ, ఆలస్యమైతే కాళ్ళు తిరిగి రావనీ చెప్పాడు. అక్కా, నేనూ, పిలవకపోయినా దుకాణానికి తాళం వేసి వచ్చిన అహ్మద్ అలీ, ముగ్గురం బావను కారులో పడుకోబెట్టుకుని బయల్దేరాం.

స్కానింగు సెంటరులో మంజులత అనే అమ్మాయి ఉంది. ఈ మిషనుకు మొదట్లో పేరు ముందు న్యూక్లియర్ అని ఉండేదట, జనం బాంబనుకుని జడుసుకుంటారని ఆ మాట తీసేశారట. "ఇది ఎక్స్‌రే కాదు పెద్దాయనా, పెద్ద అయస్కాంతం. మన ఒంట్లో ఉండే నీళ్ళను కదిలించి ఫోటో తీస్తుంది" అంది. ఎక్స్‌రే కాదనగానే బావ ముఖం వెలిగింది. వెండి మొలతాడు విప్పించారు, దర్గాలో కట్టిన తాయెత్తు తెంపించారు. అన్నీ అయ్యాక ఆ అమ్మాయి అడిగింది.

"ఒంటి లోపల ఇనుము ఏమైనా ఉందా?"

బావ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇంత మంచి అవకాశం నేను వదులుతానా? "ఉందమ్మా, రజాకారు తూటా ఉంది! పిర్రలో" అన్నాను.

ఆ పిల్ల చేతిలోని కాగితాల అట్ట కింద పెట్టేసి డాక్టరును పిలుచుకొచ్చింది. డాక్టరు వెంటనే ఎక్స్‌రే తీయమన్నాడు. బావ వద్దంటే వద్దన్నాడు గానీ, లేవలేని మనిషి ఎంతని పెనుగులాడతాడు? ఫిల్ము వచ్చింది. లాక్కుని వెలుగుకు పట్టి చూశాను. తుంటి ఎముక పక్కన, నలిగిన రేగుపండంత, తెల్లగా నిజంగానే ఉంది.

"ఇది సీసం గుండైతే ఫికరు లేదు, అయస్కాంతం దాని జోలికి పోదు" అన్నాడు డాక్టరు. "రైఫిలు తూటా అయితే ఇనుప తొడుగు ఉండొచ్చు. కదిలిందంటే పక్కనున్న నరం తెగుతుంది. ఫిల్ములో రెండూ ఒక్కతీరే కనిపిస్తాయి. మీరే చెప్పాలి పెద్దాయనా, ఏ తుపాకీ?"

"రైఫిలే" అన్నాడు బావ.

"అయితే స్కానింగు చెయ్యలేను. అది లేకుండా ఎక్కడ కోయాలో తెలియదు."

అక్క బావ చేతులు పట్టుకుంది. "జర యాది చేసుకో. నాటు తుపాకి గాదా? కాళ్ళు పోతయంటున్నడు."

"పోతే పోనియ్యి. రైఫిలే అన్న గద!"

కాళ్ళు పోతున్నా గొప్పలు వదలడేమని నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతుంటే మూలన బెంచీ మీంచి అహ్మద్ అలీ లేచి వచ్చి డాక్టరు ముందు నిలబడ్డాడు.

"రైఫిలు గాదు సారూ. సీసం గుండు. చేపల వలకు కట్టే గుండ్లు కరగబోసి నేనే చేసిన. మా అబ్బాజాన్ భర్మార్ నాటు తుపాకిల పెట్టి నేనే కాల్చిన."

"నోరు మూస్కో అహ్మదూ!" అని బావ మంచం మీదే గింజుకున్నాడు.

"నేను ముయ్య. పందులు జొన్నచేను ఆగం చేస్తున్నయని ఇద్దరం మంచె మీద కావలుంటిమి. తెల్లారగట్ల వీడు నాకు చెప్పకుంట చెంబు పట్టుకొని చేన్లకు దిగిండు. చేను కదిలింది. పందనుకొని కొట్టిన."

"పిర్రే!" అని నేను ఎగిరి గంతేశాను. ఇన్నేళ్ళ తగాదా గెలిచినవాణ్ణి, ఎట్లా ఆగుతాను? నవ్వీనవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ చూస్తే ఇంకెవరూ నవ్వడం లేదు. డాక్టరు అయోమయంగా, "పొరపాటే కదా, దీనికి ఇన్నాళ్ళు దాచడం ఎందుకు?" అన్నాడు.

బావ పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఏ వారమో సమజ్ చేసుకో సారూ. మిలట్రీ దిగిన వారం. సాయబు అంటే చాలు, మంచోడా చెడ్డోడా అని అడిగెటోడు లేడు. ఊరోళ్ళు గొడ్డండ్లు పట్టుకొని నా మంచం కాడికొచ్చిన్రు, ఎవడు కొట్టిండు చెప్పు అన్నరు. వీని పేరు చెప్తే వీడుండునా? ఉరుకుతున్న రజాకార్లు కొట్టిన్రన్న."

"అయితే ఒక్కసారి చెప్పి ఊకుండక, ఏటా జెండా కాడ గా లొల్లి ఏంది బావా?" అన్నాను.

"ఒక్కసారి చెప్పింది మంది మరుస్తరు. మరిస్తే మళ్ళ అడుగుతరు. ఏటా చెప్తేనే గట్టిపడ్తది. ఏ తుపాకిదని తీగ లాగుతరనే ఎక్స్‌రేకు గూడ పోలె."

"గిప్పుడేమైతుండెరా బుచ్చిగా?" అహ్మద్ అలీ మంచం మీదికి వంగాడు. "కాళ్ళు పోతుంటే గూడ దాస్తవా?"

"గిప్పుడు మాత్రం రోజులు మంచిగున్నయా?"

బాబ్రీ మసీదు గొడవలకు హైదరాబాదులో పెట్టిన కర్ఫ్యూలు తీసేసి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. నాకు ఏడుపొచ్చింది. బావను చూసి ఏడుపు రావడం అదే మొదలు, అదీ పిర్ర సంగతి తేలిన రోజున.

బావను ఆ తెల్లటి గొట్టంలోకి తోశారు. పిండిగిర్నీలో ఎండుమిర్చి పట్టినట్టు అది దడదడా మోగుతుంటే అద్దం అవతల అహ్మద్ అలీ పెదాలు కదుపుతూ నిలబడ్డాడు, అక్క ఆయన పక్కనే నిలబడి యాదగిరి నర్సింహస్వామికి మొక్కింది. తూటా కదల్లేదు. వెన్ను మధ్యలో గడ్డ ఒకటి నరాన్ని నొక్కుతూ ఫోటోలో దొరికింది. ఆపరేషను చేసి తీశారు, చెడ్డ గడ్డ కాదన్నారు. ఎండలు ముదిరేసరికి బావ కర్ర పట్టుకుని నడిచాడు.

నడిచి ఎక్కడికి పోతాడు, మారయ్య హోటలుకు పోయాడు. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. చాయ్ రాకముందే మారయ్య మొదలుపెట్టాడు.

"ఒంట్ల ఇనుముంటే గా మిషిన్ల పండనియ్యరట గద? మరి తూటా ఉండంగ బుచ్చన్నను ఎట్ల పండవెట్టిన్రు?"

హోటలంతా నా వైపు తిరిగింది. బావను నమ్మకపోయినా నన్ను నమ్ముతారు, ఆయన కథను ఎప్పుడూ ఎగతాళి చేసినవాణ్ణి గదా. ఎదురుగా అహ్మద్ అలీ దుకాణంలో గాలి కొడుతున్న పంపు చప్పుడు ఆగిపోయింది. బావ ఖాళీ బల్ల వైపు చూస్తున్నాడు.

"రజాకార్లకు ఆఖరి రోజులల్ల ఇనుమెక్కడిది మారన్నా? సీసం పోసుకొని కొట్టిన్రు. ఎక్స్‌రేల నా కండ్లతోని చూసిన. డాక్టరు గూడ అదే అన్నడు" అన్నాను.

"అయితే నిజంగనే రజాకారుదేనా?"

"మరెవలదనుకున్నవ్?"

వెనక బల్ల మీంచి ఎవడో కుర్రాడు నా మాటే నాకు అప్పజెప్పాడు. "ఎన్కనా, ముందటనా?"

హోటలు హోటలంతా గొల్లుమంది. బావ మెల్లగా తల తిప్పి నా ముఖంలోకి చూశాడు.

"తొడకు" అన్నాను. "ఎదురుంగ నిలబడ్డడు, తొడకే తగిలింది."

రోడ్డవతల పంపు మళ్ళీ చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది.