రెండో గొంతు

తన ముఖం కింద భువనేశ్ పేరు చూసినప్పుడు గానీ భువనేశ్ చనిపోయిన సంగతి వరదరాజులుకు తెలియలేదు.

నటేశన్ నగర్ మలుపులో పాల బూత్ పక్కన రాత్రికి రాత్రి కట్టిన ఫ్లెక్సు అది. నల్లటి అంచు, రెండు పక్కలా దీపాలు, పైన తమిళంలో కన్నీటి అంజలి అని పెద్ద అక్షరాలు. మధ్యలో తను. భుజాల దాకా జుట్టుతో, తెల్ల చొక్కాతో, ఒళ్ళో గిటారుతో, చూపు కొంచెం పక్కకు తిప్పుకుని కూర్చున్న నాటి తను. కింద ‘ప్రేమ పాటల రారాజు భువన్’ అని ఉంది.

పాల పాకెట్టు చేత్తో పట్టుకుని వరదరాజులు నిలబడిపోయాడు. ఫోటో బాగా వచ్చిందని ముందు అనిపించింది. భువనేశ్ ఆ తరవాత గుర్తొచ్చాడు.

ఎదురుగా టీ కొట్టులో కాళియమ్మ గ్లాసులు కడగడం ఆపింది. "ఏంది అన్నా, నీ కర్మకు నువ్వే పాలు తీసుకపోతా ఉండావా?"

"పోయింది నేను కాదు. భువను."

"ఏ భువను?"

"నాతో పాడతా ఉండెనే."

"నీతో ఇంకొకడు ఉండినాడా?" అంది కాళియమ్మ. ఆమె ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అడిగింది.

ఉండినాడు. ఇద్దరివీ తెలుగు ఇళ్ళే. తాతల కాలంలో మిల్లు పనికి వచ్చి ఈ ఊళ్ళో పాతుకుపోయిన కుటుంబాలు. వరదరాజులు నటేశన్ నగర్‌లో, భువనేశ్ విల్లియనూరులో. ‘వరద్–భువన్’ అంటే ఒకప్పుడు పుదుచ్చేరిలో తెలియని కుర్రకారు లేరు. సముద్రం ఒడ్డున హోటల్లో శనివారం సాయంత్రాలు పాడేవారు. డ్రమ్ముల మోతలు ఉండేవి కావు. ఒక గిటారు, రెండు గొంతులు, అన్నీ ప్రేమ పాటలు. కాలాపేట యూనివర్సిటీ పండగల్లో ఆడపిల్లలు వాళ్ళ పాటలకు ఏడ్చేవారు. మాట చెప్పలేని మగపిల్లలు వాళ్ళ క్యాసెట్ కొనిచ్చి ఊరుకునేవారు. ‘వానకు ముందే రా’ అన్న పాట పుట్టడం తెలుగులో పుట్టినా, తమిళంలోకి వెళ్ళి ఊరంతా తిరిగింది.

మాటలూ వరసా భువనేశ్‌వి. పై గొంతూ అతనిదే. ఆ గొంతు పైకి వెళ్ళేకొద్దీ సన్నబడేది గానీ తెగేది కాదు. కాకపోతే ముఖం నిండా అమ్మవారి మచ్చలు. వరదరాజులు అందగాడు. వేదిక మీద ఎవరెక్కడ అన్నది మొదటి రోజే వరదరాజులు తేల్చేశాడు. తను ముందు, దీపం కింద. భువనేశ్ వెనక, స్పీకరు పెట్టె పక్కన స్టూలు మీద.

"ఎట్లాగూ కళ్ళు మూసుకునే పాడతావు కదరా, నీకు వెలుగెందుకు?" అన్నాడు.

భువనేశ్ నవ్వాడు. పై గొంతు పాడే చోట్ల వరదరాజులు ఊరికే పెదాలు కదిపేవాడు. కింది వరసల్లో గిటారు వాయిస్తూ రెండో గొంతు కలిపేవాడు. ఊరు ఆ గొంతును ఈ ముఖానికి అతికించుకుంది. వరదరాజులు కాదనలేదు. ఒకసారి టీవీ వాళ్ళు ఆ పాట ఎవరి కోసం పుట్టిందని అడిగితే, బీచి రోడ్డులో గొడుగు పట్టుకుని పోతున్న ఒక అమ్మాయి కోసమని చెప్పాడు. భువనేశ్ దాన్ని తను చేసుకోబోయే వేదవల్లి కోసం కట్టాడు. వరదరాజులు టీవీలో అలా చెప్పేటప్పుడు భువనేశ్ పక్క కుర్చీలోనే ఉన్నాడు, తల వంచుకుని.

తరవాత మద్రాసు కంపెనీ ఒకటి ఒక్క పేరే చాలంది. వరదరాజులు ఒక్కడే వెళ్ళాడు. ఆ క్యాసెట్ విన్నవాళ్ళు పాపం వరద్‌కు జలుబు చేసినట్టుందని అనుకున్నారు. తిరిగొచ్చి విల్లియనూరు వెళితే భువనేశ్ కాఫీ ఇప్పించాడు, తను పనిచేసే నీటి సరఫరా ఆఫీసు గురించి మాట్లాడాడు, పాట మాట ఎత్తలేదు. వరదరాజులు మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇంటికొచ్చి ఫ్లెక్సు సంగతి చెబితే భార్య తిలగం చింతపండు పిసుకుతూనే వింది.

"పోనీలే, మీ మొహం ఒకరి చావుకన్నా పనికొచ్చింది."

"వాళ్ళు తప్పు వేసినారే. పోయి చెప్పాల."

"ఏమని? గొంతు నాది కాదు, మొహమే నాదనా?"

అతను చొక్కా వేసుకున్నాడు.

ఫ్లెక్సు వేసింది ఇళవరసన్. బస్టాండు వెనక ప్రింటింగు షాపు అతనిది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. వాళ్ళ నాన్న అరగదీసిన క్యాసెట్లు వింటూ, వాటి అట్ట మీది బొమ్మే భువన్ అనుకుంటూ పెరిగి, ఇప్పుడు ఫోన్లో భువన్ అభిమానుల గుంపు నడుపుతున్నాడు. గుమ్మంలో వరదరాజులును చూడగానే అతని ముఖం తెల్లబోయింది. వెంటనే వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా! నువ్వు ఉండావా? మా నాయిన నిన్న రాత్రంతా ఏడ్చినాడు అన్నా."

ఆ చేతుల వెచ్చదనం వరదరాజులుకు హాయిగా ఉంది. వెనకటి శనివారాల తరవాత ఎవరూ తనను అలా పట్టుకోలేదు. ఇంకాసేపు అలాగే ఉండనిచ్చి, అప్పుడు చెప్పాడు. "పోయింది భువనేశే. నేను వరద్‌ని. ఇద్దరం కదా పాడేది."

"అయితే ‘వానకు ముందే’ పాడింది?"

"ఇద్దరం."

"పైన పాడేది అన్నా, ఆ మొదటి లైను. ఒక్కసారి పాడు, సుమ్మా, ఊరికే వింటా."

వరదరాజులు గొంతు సవరించుకున్నాడు. గొంతు బాగా లేదన్నాడు. ఇళవరసన్ చేతులు మెల్లగా వదిలేశాడు.

"సరి అంకుల్. కూర్చోండి" అన్నాడు.

కుర్చీలో కూర్చుని వరదరాజులు ఒకటే పట్టు పట్టాడు. ఆ పాటకు రెండు గొంతులు ఉన్నాయి, రెండోది లేకపోతే అది సగం పాట. పదహారో రోజు విల్లియనూరు హాల్లో సంతాప సభ పెడుతున్నారట కదా, అక్కడ భువనేశ్ పాట వేస్తే దాని పక్కన నిలబడి తన వరస తను పాడతాడు. ఇన్నాళ్ళకు ఊరికి తెలియాలి కదా, ఎవరేం పాడారో.

"పాత క్యాసెట్ అంకుల్, గరగర అంటా ఉంది. నేను దాన్ని బాగుచేస్తా ఉండా. రండి, పాడండి" అన్నాడు ఇళవరసన్.

మర్నాటికల్లా మలుపులో ఫ్లెక్సు మారింది. కొత్త దానిలో భువనేశ్, మచ్చలతో సహా. పాతది కాళియమ్మ అడిగి పుచ్చుకుంది. వానలు పడేలోగా కొట్టు మీద కప్పడానికి.

ఆ పదిహేను రోజులూ వరదరాజులు వేడినీళ్ళు తాగాడు, చల్లటిది ముట్టలేదు. పొద్దున్నే మేడ మీద గిటారు తీగలు బిగించి తన వరస సాధన చేశాడు. రెండో గొంతు ఒంటరిగా వింటే పాటలా ఉండదు. పక్కింటి శివరామన్ ఒకరోజు, "ఏంది మామా, ఎవురినో పిలస్తా ఉండావు, వాడు పలకడంలా" అన్నాడు. వరదరాజులు పట్టించుకోలేదు. సభ రోజు ఆ పిలుపు దేనికో అందరికీ తెలుస్తుంది.

హాలు నిండింది. ఒకప్పటి కాలాపేట ఆడపిల్లలు నెరిసిన జుట్టుతో, కళ్ళజోళ్ళతో వచ్చారు. ముందు వరసలో భువనేశ్ భార్య వేదవల్లి కూర్చుని ఉంది. వరదరాజులు వంగి నమస్కారం పెట్టాడు.

"మీరు వస్తారని పోయేముందు ఆయన అనుకోలా" అందామె. "నేనూ అనుకోలా. కూర్చోండి."

"నేను పాడతా ఉండా, వదినా."

వేదవల్లి అతని గిటారు వైపు చూసింది.

ఇళవరసన్ మైకు పట్టుకున్నాడు. "ఈ పాట మీరు ఎన్నో మార్లు విని ఉంటారు. ఇట్ల విని ఉండరు. కంప్యూటర్లో వేసి భువన్ సార్ గొంతు ఒక్కటే తీసినా. గిటారు, పక్క గొంతు, గరగర అన్నీ పోయినాయి. సార్ ఒక్కడే ఉంటాడు. వినండి."

వరదరాజులు అప్పటికే రెండో మైకు ముందు నిలబడి ఉన్నాడు. వేళ్ళు తీగల మీద ఉన్నాయి. అతనికి అర్థమయ్యేలోపే పాట మొదలైంది.

భువనేశ్ గొంతు వట్టిగా వచ్చింది. మొదటి వరసకు ముందు అతను గాలి పీల్చుకోవడం వినిపించింది. ఆ చప్పుడు వరదరాజులు ఎన్నడూ వినలేదు. అది వచ్చే చోట ఎప్పుడూ తన గిటారు ఉండేది. పైకి వెళ్ళిన గొంతు సన్నబడి, ఒక చోట చిన్నగా చిట్లి, మళ్ళీ కలుసుకుంది. అక్కడే తన రెండో గొంతు ఎత్తుకోవాలి. ఇన్నేళ్ళూ ఆ పగులు తన గొంతు కిందే ఉండిపోయింది. అది పగులు కాదనీ, రమ్మని ఒక మనిషిని అడగడమనీ హాల్లో అందరికీ తెలుస్తోంది. ఎవరూ కదలడం లేదు.

రెండో చరణంలో వరదరాజులు నోరు తెరిచాడు. ఎత్తుకున్నాడు. వరస తప్పలేదు, శ్రుతి తప్పలేదు. పదిహేను రోజుల సాధన.

వెనక నుంచి ఎవరో "ష్" అన్నారు. ఒకామె తల తిప్పి చిరాగ్గా చూసింది, పాట మధ్యలో ఎవరికో ఫోను మోగినట్టు. వేదవల్లి కళ్ళు తుడుచుకోలేదు. ఒళ్ళోంచి చెయ్యి కొంచెం ఎత్తింది, ఇక చాలన్నట్టు. అంతే. కోపం కూడా లేదు ఆ చేతిలో.

వరదరాజులు ఆపేశాడు. మిగతా పాటంతా మైకు ముందు నోరు మూసుకుని నిలబడ్డాడు. దిగిపోదామంటే మెట్లు అవతలి వైపున్నాయి. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఏడుస్తున్నారు. ఇళవరసన్ వచ్చి, "కొంచెం జరగండి అంకుల్, ఫోటోలో పడతా ఉండారు" అన్నాడు.

బస్సు దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. కాళియమ్మ కొట్టు మీద ఫ్లెక్సు బోర్లా కప్పి ఉంది. నీళ్ళు దాని మీంచి జారుతున్నాయి. తన ముఖం లోపలి వైపుకు, గిన్నెల మీదకు ఉంటుంది. అతను ఆగలేదు.

ఇంట్లో లైటు వేయలేదు. తిలగం వంటింటి గడప మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇళవరసన్ గుంపులో పెట్టిన పాటే మోగుతోంది. సభలో తీసింది కాదు, శుభ్రం చేసిన ఆ పాటే. పెళ్ళైన నాటి నుంచి వాళ్ళ పాటలకు తిలగం కన్నీరు పెట్టడం అతను చూడలేదు. ఇప్పుడు ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"వచ్చినారా" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళు విన్నా కదా, ఈ పాట ఇట్ల ఉంటుందని నాకు తెలియనే లేదు."

ఆమె దెప్పడానికి అనలేదు. అందుకే అతనికి కోపం తెచ్చుకునే దారి దొరకలేదు. గిటారు గోడకు ఆనించి, తడి చొక్కాతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. పాట అయిపోయింది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు.